పవర్ నిండుగా ఉన్నా లింక్ ఎందుకు నిలవదు: డీడబ్ల్యూడీఎం లైన్లలో ఒక్కో భాగం హద్దులు

చౌటుప్పల్ దాటాక రోడ్డు పనుల్లో జేసీబీ బకెట్‌కు కేబుల్ తగులుతుంది. టీమ్ వచ్చి కొత్త ముక్క వేసి, రెండు కొసలా జాయింట్లు కట్టి లైటు తెప్పిస్తుంది. యాంప్లిఫయర్ ఔట్‌పుట్ చూస్తే పాత అంకె దగ్గరే ఉంటుంది. సెకనుకు 100 గిగాబిట్లు మోసే 100జీ సర్క్యూట్లన్నీ లేస్తాయి. 400జీ మాత్రం లేవదు. లేచినా మధ్యాహ్నం ఎండెక్కేసరికి పడిపోతుంది. కార్డు మారుస్తారు, ప్యాచ్ కార్డ్ మారుస్తారు, అయినా ఫలితం ఉండదు. ఎందుకంటే కార్డులో లోపం లేదు.

ఒకే ఫైబర్ పోగులో వేర్వేరు తరంగదైర్ఘ్యాల వెలుగు మీద ఎన్నో ఛానళ్లు పంపే పద్ధతి డీడబ్ల్యూడీఎం. అలాంటి లైన్ బాగుందో లేదో పవర్ అంకెను బట్టి తేల్చడమే ఈ తిప్పలకు మూలం. తగ్గిన పవర్‌ను యాంప్లిఫయర్ మళ్లీ పెంచగలదు. సిగ్నల్‌కూ నాయిస్‌కూ మధ్య ఉండాల్సిన తేడా, అంటే ఓఎస్‌ఎన్‌ఆర్, ఒకసారి తగ్గితే దాన్ని తిరిగి తెచ్చే పరికరం లైన్‌లో ఎక్కడా లేదు. మైకు సౌండ్ పెంచితే గొంతుతో పాటు గరగర కూడా పెరిగినట్టే, యాంప్లిఫయర్ వచ్చిన నాయిస్‌నూ పెంచుతుంది, పైగా తనది కొంత కలుపుతుంది. లేజర్ నుంచి రిసీవర్ దాకా ప్రతి భాగమూ ఆ తేడాలోంచే కొంత తినేస్తుంది. ఏది ఎంత తింటుందో అంకెల్లో తెలిస్తే ఖర్చు ఎక్కడ పెట్టాలో, దేన్ని వదిలేయవచ్చో తేలుతుంది.

స్పాన్ లెక్క

ఒకే ఫైబర్ పోగులో 1530 నుంచి 1565 నానోమీటర్ల మధ్య ఉండే సీ బ్యాండ్‌లో 50 గిగాహెర్ట్జ్ దూరంతో 80కి పైగా ఛానళ్లు పడతాయి. పక్కపక్క ఛానళ్ల మధ్య తేడా 0.4 నానోమీటర్లు మాత్రమే. 193.1 టెరాహెర్ట్జ్, అంటే 1552.52 నానోమీటర్లు, ఐటీయూ (అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం) గ్రిడ్‌కు ఆధార బిందువు. మిగతా ఛానళ్లన్నీ దాన్నుంచి లెక్కపెట్టుకుంటూ పోతాయి. ఒక్కో ఛానల్‌ను 0 డీబీఎంతో (అంటే 1 మిల్లీవాటుతో; డీబీ లెక్కలో ప్రతి 3కీ పవర్ రెండింతలు) పంపినా 40 ఛానళ్లకు మొత్తం 16 డీబీఎం, 80 అయితే 19 డీబీఎం అవుతుంది. యాంప్లిఫయర్ కొనేటప్పుడు చాలామంది మర్చిపోయే లెక్క ఇదే. ఇవాళ 8 ఛానళ్లతో హాయిగా నడిచే యాంప్లిఫయర్ రేపు 80 ఛానళ్లకు ఔట్‌పుట్ చాలక ఒక్కో ఛానల్ వాటా తగ్గిస్తుంది.

హైదరాబాద్ నుంచి కోదాడ దాకా 65వ జాతీయ రహదారి వెంట పోయే లైన్‌ను లెక్క కోసం తీసుకుందాం. చౌటుప్పల్‌లో ఒక యాంప్లిఫయర్, సూర్యాపేటలో ఒకటి, కోదాడలో రిసీవర్ ముందు ఒకటి. కేబుల్ స్లాక్‌తో కలిపి మూడు స్పాన్లు, అంటే ఒక పరికరం నుంచి తర్వాతి యాంప్లిఫయర్ దాకా ఉండే ఫైబర్ ముక్కలు, 55, 90, 50 కిలోమీటర్లు అనుకుందాం. మామూలు సింగిల్ మోడ్ రకమైన జీ.652డీ ఫైబర్ స్వతహాగా కిలోమీటరుకు 0.2 డీబీ దగ్గర తిన్నా, జాయింట్లతో కలిపి 0.25 పట్టడం క్షేమం. ఫైబర్లు గుచ్చే పెట్టె ఓడీఎఫ్‌లోని కనెక్టర్లకు ఇంకో 1 డీబీ కలిపితే స్పాన్ నష్టాలు సుమారు 15, 23.5, 13.5 డీబీ.

1550 నానోమీటర్ల దగ్గర, 0.1 నానోమీటర్ వెడల్పులో ఒక స్పాన్ ఓఎస్‌ఎన్‌ఆర్ కట్టడానికి తేలిక సూత్రం ఒకటుంది. 58కి ఛానల్ పవర్ కలిపి, స్పాన్ నష్టం, యాంప్లిఫయర్ నాయిస్ ఫిగర్ (అది తనంతట కలిపే నాయిస్‌కు కొలత) తీసేయాలి. ఇలాంటి లైన్లలో వాడే ఎర్బియం ఫైబర్ యాంప్లిఫయర్లు, అంటే ఈడీఎఫ్‌ఏల నాయిస్ ఫిగర్ మామూలుగా 5 నుంచి 6 డీబీ. ఎక్కువ గెయిన్ ఇచ్చే ఈడీఎఫ్‌ఏలో భౌతిక నియమాల ప్రకారం అది 3 కంటే కిందికి దిగదు. 5.5 తీసుకుంటే మూడు స్పాన్లకూ వరసగా 37.5, 29, 39 డీబీ వస్తాయి. వీటిని డీబీల్లో కూడకూడదు. నాయిస్ వాటాలుగా మార్చి కూడి, తిరిగి డీబీకి తేవాలి. మొత్తం 28.1 డీబీ తేలుతుంది. అంటే నష్టమంతా దాదాపు నడిమి స్పాన్‌దే. మిగతా రెండూ కలిసి తిన్నది 1 డీబీ కూడా లేదు.

ఇప్పుడు అసలు సంగతి చూడండి. నడిమి స్పాన్‌లో కట్‌ల మీద కట్‌లు పడి, ఒక ట్రేలో పోగు వంగి, ఓడీఎఫ్‌లో కనెక్టర్ మురికి పట్టి మొత్తం 4 డీబీ పెరిగితే లైన్ ఓఎస్‌ఎన్‌ఆర్ 24.6కు దిగుతుంది. 3.5 డీబీ పోయినట్టు. అదే 4 డీబీ సూర్యాపేట–కోదాడ స్పాన్‌లో పెరిగితే 27.6 దగ్గర నిలుస్తుంది, పోయింది 0.5 మాత్రమే. అందుకే స్ప్లైసింగ్ టీమ్‌కు అన్ని స్పాన్లకూ ఒకే ప్రమాణం పెట్టడం తెలివైన పని కాదు. పొడవాటి స్పాన్‌లో జాయింట్‌కు 0.05 డీబీ పట్టుబట్టాలి. పొట్టి స్పాన్‌లో 0.15 వచ్చినా అర్ధరాత్రి మళ్లీ ట్రే విప్పించాల్సిన పని లేదు.

యాంప్లిఫయర్‌ను చౌటుప్పల్ నుంచి 20 కిలోమీటర్లు ముందుకు, చిట్యాలకు జరిపితే స్పాన్లు 75, 70, 50 అవుతాయి. పరికరం అదే, ఫైబర్ అదే, లైన్ ఓఎస్‌ఎన్‌ఆర్ మాత్రం 29.8కి ఎక్కుతుంది. పైసా పెట్టకుండా 1.7 డీబీ! షెల్టర్ ఎక్కడ దొరికితే అక్కడ యాంప్లిఫయర్ పెట్టేయడం మన దగ్గర మామూలే, కానీ ఆ మామూలుకు లైన్ బతికినంత కాలం కప్పం కట్టాల్సి వస్తుంది.

పంపే వైపూ చూసుకోవాలి. పాత ట్రాన్స్‌పాండర్ (ఛానల్ పంపే కార్డు) 0 డీబీఎం ఇస్తే, ఛానళ్లను ఒక పోగులోకి కలిపే మక్స్ 6 డీబీ తిన్నా, లైన్ మొదట్లో ఉండే యాంప్లిఫయర్ అయిన బూస్టర్‌కు ఇబ్బంది లేదు. కొత్త 400జీ ప్లగ్గబుల్ మాడ్యూళ్లలో తక్కువ పవర్ రకాలు −10 డీబీఎం దగ్గరే పంపుతాయి. మక్స్ దాటాక −16తో బూస్టర్‌లోకి వెళ్తుంది కాబట్టి బూస్టర్ ఒక్కటే ఇంకో స్పాన్‌లా నాయిస్ కలుపుతుంది. పై లెక్కలో 28.1 కాస్తా 27.5 అవుతుంది.

మరి ఎంత ఉంటే చాలు? 100జీ క్యూపీఎస్‌కే మాడ్యులేషన్ రకానికి మంచి ఎఫ్‌ఈసీతో (తప్పులు సరిదిద్దే కోడ్‌తో) 12, 13 డీబీ దగ్గర పని నడుస్తుంది. 400జీ మాడ్యూళ్లకు రాసిన 400జెడ్‌ఆర్ ప్రమాణం 26 అడుగుతుంది. పైగా అది 120 కిలోమీటర్ల కోసం రాసింది, 2400 పికోసెకన్లు/నానోమీటర్ డిస్పర్షన్‌ను (తరంగదైర్ఘ్యాలు వేర్వేరు వేగాలతో పోయి సిగ్నల్ విచ్చుకోవడాన్ని) మాత్రమే సరిదిద్దుతుంది. 195 కిలోమీటర్ల కోదాడ లైన్‌లో కిలోమీటరుకు 17 చొప్పున 3300 దాటుతుంది కాబట్టి ఓఎస్‌ఎన్‌ఆర్ ఎంత ఉన్నా అది ఇక్కడ పనికిరాదు. ఓపెన్‌జెడ్‌ఆర్ ప్లస్ తరహా మాడ్యూల్ కావాలి. దానికి 400జీలో సుమారు 24 డీబీ చాలు. లైన్ కొత్తలో 4 డీబీ మిగులు ఉంటుంది. కట్‌లు పడి 24.6కు దిగాక మిగిలేది 0.6, బూస్టర్ వాటా తీసేస్తే ఇంకా తక్కువ. 100జీ ఇవేమీ పట్టనట్టు నడుస్తూనే ఉంటుంది.

పవర్ పెంచితే పోదా?

పోదు, ఒక హద్దు దాకానే. ఛానల్ పవర్ పెంచినకొద్దీ యాంప్లిఫయర్ నాయిస్ ముందు సిగ్నల్ బలపడుతుంది. కానీ ఫైబర్ గాజు వక్రీభవన గుణకం వెలుగు తీవ్రతను బట్టి కొద్దిగా మారుతుంది. దాంతో ఛానల్ తన ఫేజ్‌ను తానే చెడగొట్టుకుంటుంది, పక్క ఛానళ్లనూ చెడగొడుతుంది. ఈ రెండో రకం నాయిస్ పవర్ ఘనం లెక్కన పెరుగుతుంది. రెండిటి మధ్య ఒక ఉత్తమ బిందువు ఉంటుంది. అక్కడ యాంప్లిఫయర్ నాయిస్, ఫైబర్ నాన్‌లీనియర్ నాయిస్‌కు సరిగ్గా రెండింతలు ఉంటుంది. ఆ బిందువు కంటే 3 డీబీ ఎక్కువ పంపితే 2.2 డీబీ నష్టం, 3 డీబీ తక్కువ పంపితే 1.5 డీబీ నష్టం. పొరపాటు పడాల్సి వస్తే తక్కువ వైపే పడటం మంచిది. ఫీల్డులో జరిగేది తరచుగా దీనికి తిరగబడి ఉంటుంది. లింక్ లేవకపోతే ముందు గెయిన్ పెంచుతారు.

జీ.655 రకం ఫైబర్ ఉన్న దారిలో ఇంకా జాగ్రత్త కావాలి. దాని డిస్పర్షన్ కిలోమీటరుకు 4 పికోసెకన్ల దగ్గరే కాబట్టి ఛానళ్లు చాలా దూరం ఒకదాని పక్కన ఒకటి కలిసే నడుస్తాయి. మూడు ఛానళ్లు కలిసి నాలుగోదాన్ని పుట్టిస్తాయి. సమాన దూరాల గ్రిడ్ మీద ఆ పుట్టినది సరిగ్గా మరో ఛానల్ మీదే వచ్చి పడుతుంది. 40 ఛానళ్లకు ఇలాంటి కలయికలు 31,200. కట్ పడ్డ జీ.652 కేబుల్‌కు చేతికందిన జీ.655 ముక్క అతికిస్తే నష్టం పెద్దగా కనిపించకపోవచ్చు, కానీ ఆ సంగతి రికార్డులో లేకపోతే తర్వాత పవర్ సెట్ చేసేవాళ్లకు లెక్క తప్పుతుంది.

అచ్చంపేట దాటి మన్ననూరు, దోమలపెంట మీదుగా శ్రీశైలం వైపు పోయే దారి వేరే రకం సమస్య. రోడ్డు అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా పోతుంది. నడి అడవిలో షెల్టర్ కట్టడం, దానికి కరెంటు, డీజిల్ చేర్చడం కష్టం. ఇలాంటి పొడవాటి స్పాన్‌కు రామన్ పంపింగ్ సరైన మందు. 1450 నానోమీటర్ల చుట్టుపక్కల పంపు లేజర్లను రిసీవర్ వైపు నుంచి వెనక్కి పంపితే, ఫైబరే చివరి 20 కిలోమీటర్లలో సిగ్నల్‌ను పెంచుతుంది. సిగ్నల్ మరీ సన్నగిల్లకముందే గెయిన్ దొరుకుతుంది కాబట్టి ఓఎస్‌ఎన్‌ఆర్ 3 నుంచి 5 డీబీ బాగుపడుతుంది. షరతు ఒకటే. పంపు బయల్దేరే మొదటి కిలోమీటర్లలో మంచి స్ప్లైసులే ఉండాలి, కనెక్టర్లు వీలైనంత తగ్గాలి. అక్కడ 1 డీబీ నష్టం ఉంటే పంపూ పోతుంది, గెయినూ పోతుంది. అర వాటు పంపు పవర్ మురికి కనెక్టర్ మీద పడితే అది మాడిపోతుంది.

ఎండ, ధూళి

నల్గొండలో మే నెల 44, 45 డిగ్రీలు కొత్తేమీ కాదు. డేటాషీట్లలో పెద్ద అక్షరాలతో వేసే అంకెలు మాత్రం 25 డిగ్రీలవి. ఈ తేడా ముందుగా తరంగదైర్ఘ్యం మీద పడుతుంది. ఒకే తరంగదైర్ఘ్యం ఇచ్చే డీఎఫ్‌బీ లేజర్ డిగ్రీకి 0.1 నానోమీటర్ జరుగుతుంది. చిప్ ఉష్ణోగ్రత 4 డిగ్రీలు మారితే 50 గిగాహెర్ట్జ్ గ్రిడ్‌లో పక్క ఛానల్ కుర్చీలో కూర్చుంటుంది. అందుకే చిప్ కింద చిన్న థర్మోఎలక్ట్రిక్ కూలర్ పెట్టి దాన్ని కదలకుండా పట్టుకుంటారు. మాడ్యూల్ కేసు 70 డిగ్రీల హద్దును తాకిందంటే ఆ కూలర్ ఎక్కువ కరెంటు లాగుతుంది. లాగిన కరెంటు మళ్లీ వేడే అవుతుంది. 400జీ మాడ్యూల్ ఒక్కటే 15 నుంచి 20 వాట్లు తింటుంది. ఏసీ ఆగిన షెల్టర్‌లో, దుమ్ము పట్టిన ఫ్యాన్ ఫిల్టర్ వెనక, ఇలాంటివి ఎనిమిది పక్కపక్కన ఉంటే మధ్యాహ్నం రెండింటికి ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. మాడ్యూళ్లను వరసగా గుచ్చకుండా మధ్య స్లాట్లు వదిలి గుచ్చడం, ఫిల్టర్‌ను ఎండాకాలం రాకముందే కడగడం ఖర్చు లేని పనులు. మిర్యాలగూడ రైస్ మిల్లుల పక్కన, హుజూర్‌నగర్, మఠంపల్లి సిమెంటు ఫ్యాక్టరీల చుట్టూ ఉన్న షెల్టర్లకు ఏడాదికోసారి కడిగితే సరిపోదు.

మక్స్, ఛానళ్లను విడదీసే డీమక్స్ కూడా ఎండకు కదులుతాయి. వాటిలో వాడే సిలికా చిప్ ఫిల్టర్, అంటే ఏడబ్ల్యూజీ, డిగ్రీకి 0.011 నానోమీటర్ జరుగుతుంది. 20 డిగ్రీల తేడాకు 0.22, అంటే ఛానల్ దూరంలో సగానికి పైగా. హీటర్‌తో ఉష్ణోగ్రత పట్టి ఉంచే రకమైతే దానికి ఎప్పుడూ కరెంటు అందాలి. కరెంటు పోతే అన్ని ఛానళ్లూ ఒకేసారి పక్కకు జరుగుతాయి. రోడ్డు పక్కన క్యాబినెట్‌లో పెట్టే పాసివ్ మక్స్‌కు ఎండకు కదలని అథర్మల్ ఏడబ్ల్యూజీ గానీ థిన్ ఫిల్మ్ ఫిల్టర్ గానీ తప్ప వేరేది పెట్టకూడదు. ఆ క్యాబినెట్‌లో వాడే చిన్న ఎస్‌ఎఫ్‌పీ మాడ్యూళ్లు కూడా −40 నుంచి 85 డిగ్రీల ఇండస్ట్రియల్ రకమే అయ్యుండాలి.

ధూళి మరో దారిలోనూ దెబ్బ తీస్తుంది. 20 డీబీఎం అంటే 100 మిల్లీవాట్లే. చూడటానికి చిన్న అంకె. కానీ ఆ వెలుగంతా 10 మైక్రాన్ల చుక్కలోంచి పోతుంది. చదరపు సెంటీమీటరుకు లెక్క కడితే లక్ష వాట్లు దాటుతుంది. ఆ చుక్క మీద ఉన్న దుమ్ము కణం వేడెక్కి గాజుకే అతుక్కుపోతుంది. ఆ తర్వాత ఎంత తుడిచినా పోదు, కనెక్టర్ కోసి కొత్తది అతకడమే దారి. అందుకే బూస్టర్ ఔట్‌పుట్ దగ్గర పని క్రమం తప్పకూడదు. మొదట లేజర్ ఆపాలి, తర్వాత స్కోపుతో చూడాలి, పొడి క్లీనర్‌తో తుడిచి మళ్లీ చూడాలి. మరక పోకపోతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరబెట్టి, మూడోసారి చూశాకే గుచ్చాలి. అడాప్టర్‌కు అవతలి వైపున్న కనెక్టర్‌నూ ఇలాగే చూడాలి. మురికి సగం సార్లు అక్కడే దాక్కుంటుంది. ఆకుపచ్చ ఏపీసీ కొసను నీలం యూపీసీ అడాప్టర్‌లో దూర్చడం మరో పాత తప్పు. ఏపీసీ కొస 8 డిగ్రీల వాలుగా ఉంటుంది కాబట్టి రెండిటి మధ్య గాలి సందు మిగిలి నష్టం, రిఫ్లెక్షన్ రెండూ పెరుగుతాయి.

ఫిల్టర్లు, క్రాస్‌టాక్

పక్క ఛానల్ నుంచి కాస్త వెలుగు కారితే పెద్ద ప్రమాదం లేదు. 20 డీబీ కింద ఉన్నా 0.04 డీబీ నష్టమే. అదే తరంగదైర్ఘ్యంలో ఉన్న వేరే సిగ్నల్ కారితే కథ మారుతుంది. ఆన్-ఆఫ్ మాడ్యులేషన్‌లో అదే 20 డీబీ దగ్గర దాదాపు 1 డీబీ పోతుంది. మహబూబ్‌నగర్, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లను కలిపే రింగ్ లాంటి చోట ఒకే ఛానల్‌ను ఒక ఊళ్లో దింపి, అదే నంబర్‌తో కొత్తది ఎక్కిస్తారు. దింపాల్సిన సిగ్నల్ పూర్తిగా దిగకుండా ముందుకు కారితే కొత్తదాన్ని పాడు చేస్తుంది. థిన్ ఫిల్మ్ ఫిల్టర్ ఒక్కదానికి పక్క ఛానల్ ఐసొలేషన్ 25 నుంచి 30 డీబీ ఉంటుంది. అంకె బాగుందనిపించినా అది పక్క ఛానళ్ల గురించే చెబుతుంది, ఇలా అదే నంబర్‌ను దింపి ఎక్కించే చోట దాన్నే నమ్ముకుంటే చాలదు.

ఛానళ్లను దింపి ఎక్కించే నోడ్ అయిన రోడమ్‌లోని తరంగదైర్ఘ్య స్విచ్‌లకు, అంటే డబ్ల్యూఎస్‌ఎస్‌లకు, ఇంకో గుణం ఉంది. ఒక్కొక్కటి దాటినప్పుడల్లా ఛానల్ అంచులు కొంచెం తరిగిపోతాయి. ఒక్క ఫిల్టర్ 44 గిగాహెర్ట్జ్ ఇచ్చినా, మూడో తరగతి సూపర్ గాసియన్ ఆకారమైతే (పైన చదునుగా, అంచులు నిటారుగా ఉండే గంట ఆకారం) పది దాటాక మిగిలేది 30. 32 గిగాబాడ్ (సెకనుకు 3200 కోట్ల సింబళ్ల) సిగ్నల్‌కు అది బిగుతైన చొక్కానే. 60 గిగాబాడ్ 400జీకి 50 గిగాహెర్ట్జ్ స్లాట్ మొదటి అడుగులోనే చాలదు, 75 లేదా 100 కావాలి. పాత స్థిర గ్రిడ్ రోడమ్‌లు ఉన్న లైన్ మీద 400జీ వేద్దామనుకునేవాళ్లు మాడ్యూల్ ధర అడగకముందు ఈ ప్రశ్న అడగాలి.

10జీ లైన్ల సంగతి

ఇప్పటికీ జిల్లాల్లో 10జీ డీడబ్ల్యూడీఎం లింకులు చాలా ఉపయోగంలో ఉన్నాయి. వాటి హద్దు వేరే చోట ఉంటుంది. 80 కిలోమీటర్ల రకం మాడ్యూల్ 1600 పికోసెకన్లు/నానోమీటర్ దాకానే డిస్పర్షన్‌ను తట్టుకుంటుంది. హైదరాబాద్ నుంచి మహబూబ్‌నగర్‌కు కేబుల్ దారి 105 కిలోమీటర్లు అనుకుంటే 1785 అవుతుంది. యాంప్లిఫయర్ పెట్టి పవర్ బాగా తెచ్చినా ఎర్రర్లు ఆగవు. డిస్పర్షన్ సరిచేసే మాడ్యూల్ పెట్టాలి. అదీ 7, 8 డీబీ తింటుంది కాబట్టి దాని చోటూ లెక్కలో ఉండాలి. దీనికి పూర్తిగా ఎదురు సమస్య ఊళ్లోపలి పొట్టి లింకులది. అదే మాడ్యూల్ +2 డీబీఎం పంపి, మక్స్, డీమక్స్ కలిసి 6, ఫైబర్ 1.5 డీబీ తింటే అందేది −5.5 డీబీఎం. అవలాంచ్ ఫోటోడయోడ్ వాడే ఏపీడీ రిసీవర్ ఓవర్‌లోడ్ హద్దు −7. లింక్ తడబడుతుంది, కాలక్రమంలో డయోడ్ దెబ్బతినవచ్చు. 5 డీబీ అటెన్యుయేటర్ ఒక్కటి చాలు.

కట్ కలిపాక

మిషన్ భగీరథ పైపుల కందకాల్లోనే తెలంగాణ ప్రభుత్వ టీ-ఫైబర్ కేబుల్ చాలా దూరం నడుస్తుంది. తవ్వకం ఖర్చు కలిసొచ్చింది, ముఖ్యంగా గ్రానైట్ బండ ఉన్న చోట్ల. కానీ పైపు కోసం ఎవరు తవ్వినా పక్కనే ఫైబర్ ఉందని గుర్తుంచుకోవాలి. ఒక్కో కట్‌కు కొత్త ముక్కతో రెండు జాయింట్లు పెరుగుతాయి. నీరు నిలిచే చోట జాయింట్ బాక్స్ సీలు సరిగా పడకపోతే వానాకాలంలో మళ్లీ విప్పాల్సి వస్తుంది.

జాయింట్ పని అయ్యాక, ఫైబర్‌లోకి పల్స్ పంపి తిరిగొచ్చే వెలుగుతో నష్టం కొలిచే ఓటీడీఆర్‌ను ఒకే వైపు నుంచి పెట్టి సరిపెట్టుకోవడం తప్పు. పాత ఫైబర్‌కూ కొత్త ముక్కకూ మోడ్ ఫీల్డ్ (పోగులో వెలుగు పరుచుకునే వెడల్పు) తేడా ఉంటే ఒక వైపు నుంచి 0.25 డీబీ నష్టం, మరో వైపు నుంచి 0.15 డీబీ లాభం చూపిస్తుంది. జాయింట్ వల్ల లాభం రాదు కదా. రెండిటి సగటు 0.05, అదే నిజమైన నష్టం. ఒక్క వైపు చూసి 0.25 అని మంచి జాయింట్‌ను విరగ్గొట్టేవాళ్లున్నారు, మరో వైపు చూసి చెడ్డదాన్ని వదిలేసేవాళ్లూ ఉన్నారు. 1310, 1550 రెండిటిలో కొలిచి పోల్చాలి. 1310లో మామూలుగా ఉండి 1550లో నష్టం ఎక్కువైతే అది స్ప్లైస్ తప్పు కాదు, ట్రేలో పోగు వంగింది. 30 మిల్లీమీటర్ల వ్యాసార్థం కంటే బిగించకుండా మళ్లీ చుట్టాలి. 1625 కూడా ఉంటే వంపు ఇంకా స్పష్టంగా బయటపడుతుంది.

తర్వాత యాంప్లిఫయర్ వైపు చూడాలి. స్పాన్ నష్టం దాని డిజైన్ గెయిన్ దాటిపోతే లోపలి అటెన్యుయేటర్ పూర్తిగా తెరుచుకుని, ఆపైన గెయిన్ వంకర తిరుగుతుంది. 1530 వైపు ఛానళ్లు లేస్తాయి, 1565 వైపువి కుంగుతాయి. మొత్తం పవర్ అంకె మాత్రం సరిగానే కనిపిస్తుంది. కాబట్టి ఛానల్ వారీగా చూడాలి. స్పెక్ట్రమ్ ఎనలైజర్‌తో ఓఎస్‌ఎన్‌ఆర్ కొలిచేవాళ్లకూ ఒక హెచ్చరిక. రోడమ్ ఉన్న లైన్‌లో ఛానళ్ల మధ్య నాయిస్‌ను ఫిల్టర్ ముందే కోసేస్తుంది. మధ్య లోయను చూసి నాయిస్ అంచనా వేస్తే ఉన్నదానికంటే ఎంతో మంచి అంకె వస్తుంది. కోహెరెంట్ మాడ్యూలే చెప్పే ప్రీ-ఎఫ్‌ఈసీ ఎర్రర్ రేటు (సరిదిద్దకముందు ఉన్న తప్పుల రేటు) ఇంతకంటే నమ్మదగినది. 400జెడ్‌ఆర్ ఎఫ్‌ఈసీ వంద బిట్లకు 1.25 తప్పుల దాకా, ఓపెన్‌జెడ్‌ఆర్ ప్లస్‌లో వాడే ఓఎఫ్‌ఈసీ వందకు 2 దాకా సరిదిద్దుతాయి. ఆ గీత దాటేదాకా కస్టమర్‌కు ఒక్క ఎర్రర్ కనిపించదు, దాటిన క్షణం లింక్ మొత్తం పోతుంది. లైన్ అప్పగించిన రోజు ప్రతి ఛానల్‌కూ ఈ రేటు రాసి పెట్టుకోవాలి. ప్రతి కట్ కలిపాక మళ్లీ రాయాలి. ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి మాడ్యూల్ ఉష్ణోగ్రతతో కలిపి రాయాలి. మధ్యాహ్నమే చెడుతుంటే వెతకాల్సింది షెల్టర్‌లో. రెండు పూటలా ఒకేలా చెడి ఉంటే ఓటీడీఆర్ పట్టుకుని పొడవాటి స్పాన్ వైపు వెళ్లాలి.